ముందు ఏ క్యాసెట్టు?

నేను పాడలేదు, వాయించలేదు, పాటలు కట్టలేదు. ముప్పై ఏళ్ళకు పైగా గద్వాలలో ఒక పాటల దుకాణంలో కూర్చుని, వచ్చినవాళ్ళకు వినిపించాను. మొదట క్యాసెట్లు, తర్వాత సీడీలు, ఆ తర్వాత ఫోన్లలో వేసుకునే మెమరీ కార్డులు, చివరికి ట్రాక్టర్లకు పెన్‌డ్రైవులు. పోయిన ఏడాది దుకాణం మా చెల్లెలి కోడలికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. వారం తిరగకముందే ఆమె వచ్చి అడిగింది.

"పెద్దత్తా, పాటలు ఎక్కించుడు నాకొచ్చు. ఇంగేమన్న నేర్చుకునేదుందా?"

ఉంది. ఎక్కించడం చేతి పని. ఏది ముందు ఎక్కించాలన్నదే అసలు దుకాణం పని. అది నాకెవరూ కాగితం మీద రాసివ్వలేదు, తప్పులు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పుల్లో కొన్ని ఇక్కడ రాస్తున్నాను. మైకుసెట్టు నడిపేవాళ్ళకు, ఊరి భజన పాటలు ఫోన్లో పదిమందికి పంపేవాళ్ళకు కూడా పనికిరావచ్చు.

నా చదువు గురించి ఒక్క మాట. నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలు బాగాలేక ఇంట్లోనే ఉండిపోతే, మా నాయన పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, దీపం ముందు కూర్చోబెట్టి చదువు చెప్పాడు. ముందు పాట నోటికి నేర్పించేవాడు. అది బాగా వచ్చాక పుస్తకంలో చూపించి "నువ్వు పాడింది ఇదే, చూడు" అనేవాడు. అంటే నాకు మాట ముందు వచ్చింది, అక్షరం తర్వాత వచ్చింది. ఈ రోజుకూ కరెంటు ఆఫీసు నోటీసు చదివినా లోపల ఎవరో రాగం తీస్తున్నట్టే ఉంటుంది. బడికి పోయినవాళ్ళకు ఇట్లా ఉండదట. ఆయన రుణం నేను తీర్చుకోలేను.

మామ పెట్టిన గొళ్ళెం

దుకాణం మా మేనమామది. నోట్లో వక్క, చెవి మీద పెన్సిలు. ఆ పెన్సిలు రాయడానికి కాదు, వదులైన టేపును చుట్టడానికి. కోపం ఎక్కువ, చెవి గొప్పది. నేను చేరిన మొదటి రోజే రెండు సంగతులు చెప్పాడు.

"కొత్త గిరాకికి ఎన్నడు మొదటి క్యాసెట్టు వినిపియ్యకు."

"ఎందుకు మామా?"

"మొదటి దాంట్ల పాడెటోడు భయపడుతుంటడు. మూడో దాంట్ల గర్వపడుతుంటడు. నడుమ దాంట్లనే మనిషి దొరుకుతడు. రెండోది ముందు వినిపియ్, వాడు ఆ పాటగాని కాళ్ళు మొక్కుతడు."

"మొదటిదే కావాలంటే?"

"లేదను."

"వెనకనే ఉంది గదా. అబద్ధమాడనీకె నాతోని కాదు."

మామ చెవి మీది పెన్సిలు సర్దుకున్నాడు. "సరే, ఆడకు. వెతుకుతున్నట్టు చెయ్. వెతుకుతుంటే వాడు రెండోది వింటుంటడు."

దేవుడు నన్ను క్షమించాలి. ఆ ముప్పై ఏళ్ళలో నేను వెతికినంత గద్వాలలో ఇంకెవరూ ఏదీ వెతికి ఉండరు.

రెండో సంగతి ఇంకా కొంటెది. మా వైపు దేవుడి పాట మొదలైతే నడుమ ఆపరు. ఆపమని అడగడం కూడా తప్పే. అందుకని ఎవరైనా గుమ్మంలో కాలు పెట్టగానే మామ ఒక భజన పాట మీట నొక్కేవాడు. టార్చిలైటు సెల్లు కోసం వచ్చినవాడు కూడా చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, పాట అయిపోయేదాకా నిలబడేవాడు. ఈ లోపల రెండో పాట మొదలయ్యేది. మామ దీనికి 'గొళ్ళెం' అని పేరు పెట్టాడు. వచ్చినవాడి వెనక తలుపు వేసి గొళ్ళెం పెట్టినట్టే. ఒకసారి కరెంటు పోయాక గానీ బయటపడలేకపోయిన ఒక పెద్దమనిషి, వాకిట్లో నిలబడి, "మీ దుకాణంల దేవుడు కనబడుతలేడు గని దెయ్యముంది" అని పోయాడు.

హనుమక్క

ఇక నా అసలు పాఠం. దాని పేరు హనుమక్క.

రాజోలి వైపు ఒక ఊళ్ళో మిరప వేసుకునే ఇంటి కోడలు. వాళ్ళ ఊరి భజనలో తాళాలు పట్టుకుని పాడేది. పాతికేళ్ళలో ఆరు పాటల సెట్లు చేసింది. మొదటిది కర్నూలులో ఒక గదిలో, ఒక్క రోజులో పాడిన క్యాసెట్టు. అది మా దుకాణానికి వచ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది. గొంతు పైనెక్కడో ఎగురుతోంది. ఒక పాట ముగియకముందే ఇంకో పాట తరుముకొస్తోంది. నా ఒళ్ళు జల్లుమంది. భక్తి అంటే ఇట్లా పరుగెత్తాలి అనుకున్నాను. ఆ రోజు నుంచి ఇంట్లో పొద్దున దీపం వెలిగించేటప్పుడు అదే పెట్టేదాన్ని.

రెండోది హైదరాబాదులో చేయించారు. పాటకు ముందు కీబోర్డు, పాట తర్వాత కీబోర్డు, ఊపిరి తీసుకునే చోట పిల్లనగ్రోవి. మామ సూత్రం ప్రకారం అదే ముందు వినిపించాను. గిరాకులు పాట అయిపోయేదాకా నిలబడి, చెప్పులు తొడుక్కుని, తిరిగి చూడకుండా పోయారు. సూత్రాలు చెప్పే పెద్దల మీద గౌరవం ఉంచుకోండి గానీ, ముందు మీ చెవితో విని వినిపించండి. మామకు ఈ మాట చెప్పడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

మూడు, నాలుగు బాగా పండిన గొంతుతో వచ్చాయి. మూడోది పెళ్ళికళ ఉన్న పాటలు, నాలుగోది వాళ్ళ అత్త పోయిన ఏడాది పాడింది. ఈ రెండింటి దగ్గరే మా దుకాణంలో ఒక గొడవ జరిగింది. వనపర్తిలో పనిచేసే పంతులొకరు, అలంపూరులో ఉండే ఆయన బామ్మర్ది కలిసి వచ్చారు. పంతులు ముందు నాలుగోది విన్నాడు. బామ్మర్ది ముందు మూడోది విన్నాడు.

"ఆమెది ఏడ్పు గొంతు," అన్నాడు పంతులు.

"ఏం బావా, చెవులల్ల పత్తి వెట్టుకున్నవా? అది పెండ్లి గొంతు!"

"పెండ్లి గొంతా? ఎవని పెండ్లి, నీదా? అందుకే గట్ల ఏడ్సినట్టుంది."

నాకు చిలిపితనం పుట్టింది. ఇద్దరి క్యాసెట్లు మార్చి ఇచ్చి, నెల రోజులు విని రమ్మన్నాను. ఎవరి మాట వాళ్ళు వెనక్కి తీసుకుంటారని ఆశపడ్డాను. నెల తర్వాత వచ్చారు. పెళ్ళిపాటల్లో కూడా ఏడుపు ఎక్కడెక్కడ ఉందో పంతులు వేలు పెట్టి చూపించాడు. చావుపాటల్లో కూడా కళ ఎట్లా ఉట్టిపడుతోందో బామ్మర్ది పాడి వినిపించాడు. ఇద్దరి అభిప్రాయమూ మారలేదు సరికదా, ఇప్పుడు సాక్ష్యాలు కూడా దొరికాయి. చివరికి ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. ఆ బావాబామ్మర్దులు ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారని వాళ్ళింటి ఆడవాళ్ళు తర్వాత నాకు చెప్పి సంతోషపడ్డారు.

ఐదోది సీడీగా వచ్చి పోయింది. ఆరోది దుకాణాల్లోకి రానేలేదు. ఫోన్లో రికార్డు చేసి తెచ్చి ఇచ్చింది. హార్మోనియం, తాళాలు, అంతే. గొంతు బాగా కిందికి దిగింది. పాటకూ పాటకూ నడుమ ఆమె ఊపిరి వినిపిస్తుంది. ఒక్కసారి విన్నాను. 'పాపం, గొంతు పోయింది' అనుకుని మూసేశాను. అడిగినవాళ్ళకే ఎక్కించేదాన్ని. నచ్చలేదని కాదు, జాలిపడ్డాను. జాలిపడి వినేవాళ్ళు సరిగా వినరు. అది నాకు అప్పుడు తెలియదు.

లింగయ్య విన్న వరుస

క్యాసెట్లు పోయాక నేను వారానికో రోజు లాప్‌టాపు పట్టుకుని నాగర్‌కర్నూలు సంతకు పోయి కూర్చునేదాన్ని. నల్లమల నుంచి తేనె, చీపుర్లు తెచ్చి అమ్ముకునే లింగయ్య అక్కడ నా పక్కనే సరుకు దింపేవాడు. ఒకరోజు ఫోన్లోంచి కార్డు తీసి ఇచ్చాడు.

"అక్కా, దేవుని పాటలు ఏమన్న ఎక్కియ్. జాగ లేదంటుంది, సూడు."

నిజంగానే జాగా లేదు. ఫోన్లో చేసిన పాటలు తక్కువ జాగా తింటాయి కాబట్టి హనుమక్క ఆరో సెట్టు ఒక్కటే అందులో పట్టింది. అదే ఎక్కించాను. వచ్చే వారం వచ్చి కూర్చుంటూనే అడిగాడు.

"గా అవ్వవి ఇంకేమన్న ఉన్నయా?"

నేను పొంగిపోయాను. కార్డులో కొంత ఖాళీ చేయించి, "ఇప్పుడు విను, అసలు హనుమక్క అంటే ఇది" అని మొదటి క్యాసెట్టు పాట పెట్టాను. లింగయ్య తేనె సీసా పక్కన పెట్టి, పాట మొత్తం విన్నాడు.

"మంచిగనే ఉంది. కని ఈమెను ఎవరో తరుముతున్నరు."

"తరుముడేంది?"

"ఎనక ఏందో వస్తున్నట్టు పాడుతుంది. అడవిల ఎవరన్న గట్ల పాడితే మేము కట్టె అందుకుంటం. గా అవ్వ అట్ల గాదు, కూసోని పాడుతది. ఆమెదే ఉండనియ్."

"ఇద్దరూ ఒక్కరే లింగయ్యా."

"అయితే కూసున్నంక పాడినయే ఉండనియ్."

నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ వారం ఆయన దగ్గర తేనె కొనలేదు. తర్వాత హనుమక్క గద్వాలకు వచ్చినప్పుడు నవ్వుతుందని ఈ మాట చెప్పాను. ఆమె నవ్వలేదు. ముక్కు మీద వేలు వేసుకుంది.

"ఆయనెవరో గని ఎదురుంగ ఉండి సూసినట్టు చెప్పిండు పాటలక్కా. గా దినం గది బయట నా చంటిది ఏడుస్తుంది. మూడు నెలల పిల్ల. సప్పుడొస్తదని ఫ్యాను బంద్ వెట్టిండ్రు. చెమటలు, మీదికెళ్ళి పాలొచ్చి రవికె తడుస్తుంది. జల్ది పాడి బయటవడ్దమని పాడిన."

నేను తెల్లబోయాను. ఆ పరుగును భక్తి అని ఎంతమందికి వివరించి ఉంటానో లెక్కలేదు. నా ముఖం చూసి ఆమే ఓదార్చింది.

"భక్తి గూడ ఉండె తియ్యి. 'స్వామీ, తొందరగ అయిపోగొట్టు' అని మొక్కుకుంటనే పాడిన."

ఆ వారం నేను పొద్దున దీపం పెట్టాక, రోజుకొకటి చొప్పున, ఆరు సెట్లూ వెనక నుంచి ముందుకు విన్నాను. ఆరోది మొదట, మొదటిది చివర. నా అభిప్రాయం తిరగబడుతుందేమో చూద్దామని. తిరగబడలేదు. మొదట విన్నది గుమ్మం లాంటిది. ఆ గుమ్మంలోంచే ఇంట్లోకి వచ్చాం. తర్వాత పెరటి తలుపు ఎన్నిసార్లు తెరిచినా, మన కాళ్ళకు ముందు గది ముందే ఉంటుంది. కానీ ఒక్కటి మాత్రం తెలిసింది. హనుమక్క గురించి నేను చెప్పే మాటల్లో సగం హనుమక్కవి కావు, నేను విన్న వరుసవి. అందుకే ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెబుతున్నాను. ఎవరి పాటైనా బాగుంది, బాగాలేదు అనేముందు 'నేను ముందు ఇది విన్నాను' అని చెప్పండి. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. మిగతా సగం బావాబామ్మర్దులవి, వాటిని ఎవరూ ఆపలేరు.

నేను చేసిన తెలివి

రెండేళ్ళ కింద వనపర్తి వైపు ఒక ఊళ్ళో సప్తాహం పెట్టుకున్నారు. ఏడు రోజుల భజన. రోజూ పొద్దున ప్రార్థనతో మొదలై, పొద్దుమూకే వేళకు హారతితో ముగుస్తుంది. ముందుండి పాడేందుకు బయటి నుంచి ఒకరిని పిలవాలి. ఆ ఊరి భజన పెద్ద సవారప్ప, ఇంకో ముగ్గురు పెద్దమనుషులు, మంగళవారం నాడు జమ్ములమ్మ దర్శనానికి గద్వాల వస్తున్నామని, పనిలో పనిగా మా దుకాణంలో ఒకరిద్దరి పాటలు విని పోతామని కబురు పంపారు.

నేను వెంటనే హనుమక్కకు ఫోను చేశాను. అప్పటికి ఆమెను సొంత ఊరి భజనలోనే పక్కన కూర్చోబెట్టారు. కొత్తగా వచ్చిన పిల్లలు మీట నొక్కితే దానంతటదే తాళం వేసే దరువుల మిషను పెట్టుకుని పాడుతున్నారు.

"పిలిస్తే మంచిదే అక్కా. పిలవకుంటే ఇంగ తాళాలు గూట్ల వెడ్త. ఎంతకాలమని ఒకరి ఎనక కూసోని గుంపుల పాడాలె? కని ఒక్కటి. ఇప్పుడున్న గొంతే వినిపియ్. పోయిన గొంతు వినిపిచ్చి పిలిపిస్తే, ఆడికి పోయినంక వాళ్ళ మొఖాలు నేను సూడలేను."

"అట్లనే," అన్నాను.

అన్నాను గానీ చేయలేదు. ఆమె మీద ప్రేమతోనే. మూడో సెట్టులోని పండిన గొంతు ముందు వినిపించి, చెవులు మెత్తబడ్డాక నడుమ ఒక్కటి మాత్రం ఆరో సెట్టుది పెట్టి, తర్వాత నాలుగోది, ఆఖరున ఆరోదాంట్లోని మంగళహారతి. ఇదీ నా వరుస. మామ బతికి ఉంటే భుజం తట్టేవాడు. పాటల పేర్ల ముందు ఒకటి, రెండు, మూడు అని అంకెలు కూడా వేసి పెన్‌డ్రైవులో ఎక్కించాను. హారతి చిన్న పాట కాబట్టి, పెన్‌డ్రైవు పనిచేస్తోందో లేదో చూడటానికి ముందు దాన్ని ఎక్కించి, తర్వాత మిగతావి ఎక్కించాను.

అక్కడే దెబ్బతిన్నాను. మా దుకాణంలో పాటలు వినిపించే పెట్టె అంకెలు చూడదు. ఏది ముందు ఎక్కిందో అదే ముందు పాడుతుంది. వందలాది ట్రాక్టర్లకు పాటలు ఎక్కించినదాన్ని, నాకు ఈ సంగతి తెలియక కాదు. ఎక్కువ తెలివి చేసేటప్పుడు తెలిసిన సంగతే ముందు జారిపోతుంది.

పెద్దమనుషులు నలుగురూ కుంకుమ బొట్లతో వచ్చి కూర్చున్నారు. మంచినీళ్ళిచ్చి మీట నొక్కాను. హనుమక్క ఆరో సెట్టు గొంతుతో, మెల్లగా, మంగళహారతి మొదలైంది.

నా చేయి మీట మీదికి పోయింది. అప్పటికే సవారప్ప లేచి నిలబడి తలపాగా తీశాడు. మిగతా ముగ్గురూ లేచారు. కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. దేవుడి పాట. అందులోనూ హారతి. నడుమ ఎట్లా ఆపను? మా మామ పెట్టిన గొళ్ళెం లోపల ఈసారి నేనే ఉన్నాను.

సవారప్ప కళ్ళు తెరవకుండానే అడిగాడు. "అమ్మా, కర్పూరం లేదా?"

దుకాణంలో దేవుడి పటం ముందు ఉన్న బిళ్ళ వెలిగించి పళ్ళెం పట్టుకున్నాను. నలుగురూ కళ్ళకు అద్దుకున్నారు. ఉన్నచోటే ఆత్మప్రదక్షిణం చేశారు. పాట అయిపోయింది. రెండో పాట మొదలవబోతుంటే సవారప్ప చేయెత్తి ఆపించాడు.

"బంద్ వెట్టు తల్లీ."

"పెద్దయ్యా, పాటలు ఇంకా ఉన్నయ్. ఇప్పుడే గదా మొదలైంది. కూర్చోండి, రెండు వినిపోదురు."

"హారతి అయినంక మళ్ళ మొదలువెడ్తమా? దేవుడు లేశి పాయె. మనం కూసుంటే ఏం మర్యాద?"

"పొరపాటున అది ముందొచ్చింది పెద్దయ్యా..."

"హారతిల పొరపాటేముంటది?" అని తలపాగా పెట్టుకున్నాడు. నలుగురూ నాకు దండం పెట్టి మెట్లు దిగిపోయారు.

నేను పళ్ళెం పటం ముందు పెట్టి కూర్చున్నాను. హనుమక్క ఏం వద్దని చెప్పిందో అది చేయబోయాను. ఆ చేసేది కూడా సరిగా చేయలేదు. ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మూడో సెట్టు ముందు పెట్టబోయిన సంగతి కూడా దాచలేదు. తిడుతుందని చెవికి కొంచెం దూరంగా పట్టుకున్నాను.

"అయితే ఉన్న గొంతే విన్నరన్నట్టు," అంది హనుమక్క.

"ఆ. అదొక్కటే విన్నరు."

"మంచిగైంది తియ్యి. నువ్వు నా మాట వినకున్నా పెట్టె విన్నది."

ఏడు రోజులు వెనక్కి

వారానికి సవారప్ప ఫోను చేశాడు. ముందుండి పాడేందుకు దరువుల మిషను ఉన్న ఒక పిల్లల జట్టునే మాట్లాడుకున్నారట.

"కని తల్లీ, హారతి మాత్రం గా అవ్వే పాడాలె. మా నలుగురిదీ గదే మాట. రోజు పొద్దుమూకేయాల్లకు వస్తే సాలు."

ఈ మాట హనుమక్కకు చెప్పక తప్పలేదు. మెల్లగా చెప్పాను.

"ఏడు దినాలు, దినానికి ఐదు నిమిషాలా?" అంది. మళ్ళీ తానే, "హారతికి పిలిస్తే రానని ఎట్లంటరు అక్కా? పోత."

మొదటి రోజు హారతి పాడి వచ్చేసింది. రెండో రోజు సవారప్ప, "జనం లేచి సదురుకోనీకె జర టైం గావాలె, హారతికి ముందు ఒక్క పాట పాడుర్రి" అన్నాడట. మూడో రోజు, ఒక్క పాటకు మహిళలు దీపాలు వెలిగించుకోలేకపోతున్నారని రెండు పాటలయ్యాయి. నాలుగో రోజు ఇంకా పాడమన్నారు, కారణం కూడా చెప్పలేదు. పిల్లల జట్టు మొదటి రోజు నుంచి మైకుతో పోటీపడి అరిచింది కదా, ఐదో రోజుకు ముందుండి పాడే పిల్లగాడి గొంతు బొంగురుపోయింది. వాడే వచ్చి ఆమె కాళ్ళు పట్టుకున్నాడట.

"పెద్దమ్మా, మధ్యాహ్నం నుంచి నువ్వే సూసుకో. మేము ఎనక కోరస్ ఇస్తం."

అట్లా రోజురోజుకూ సాయంత్రం నుంచి పొద్దున వైపుకు జరుగుతూ, ఏడో రోజు పొద్దున ప్రార్థన కూడా హనుమక్కే ఎత్తుకుంది. ఏ భజనలోనైనా ముందు ప్రార్థన, నడుమ దరువు పాటలు, తర్వాత నిదానం పాటలు, ఆఖరుకు హారతి. ఆ ఊరివాళ్ళు మాత్రం హనుమక్కను ఆఖరి నుంచి మొదటికి విన్నారు. అట్లా వినిపించాలని నాకు ఏనాడూ తోచలేదు, మా మామకూ తోచలేదు.

ఏడో రోజు నేను పోయాను. వెనక ఆడవాళ్ళలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ జనం ముఖాలే చూశాను. ఒక్కరి ముఖంలోనూ 'పాపం' అన్న మాట లేదు. పాత గొంతు వాళ్ళ చెవుల్లో లేదు కదా, పోల్చడానికి. వాళ్ళకు అదే గొంతు, అంతే నిండుగా ఉంది. అంతమందిలో ఇరవై ఐదేళ్ళ కిందటి క్యాసెట్టును నెత్తిన పెట్టుకుని కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నే. ఒక పాటలో ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఆగిన చోట జనం కూడా ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. మళ్ళీ వదిలినప్పుడు, పోలిక నాకు గుర్తుకు రాలేదని తెలిసింది. స్వామికి మనసులోనే దండం పెట్టుకున్నాను. నా తెలివిని పక్కకు తోసి, చెవిని మాత్రం ఇంకా వాడుకుంటున్నందుకు.

ట్రాక్టరుకు ఏం ఎక్కించాలి

అన్నదానం అయ్యాక సవారప్ప పంచె సర్దుకుంటూ మా దగ్గరకు వచ్చాడు. నేను, హనుమక్క చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాం.

"తల్లీ, ఈమెవి ఇంకేమన్న ఉంటే మా ట్రాక్టరుకు ఎక్కియ్యాలె. దున్నుతుంటే వింట."

ఇన్ని పాఠాలు నేర్చుకున్నాక నేను ఏం చేయాలి? ఆరో సెట్టు పెట్టాలి. కానీ ప్రేమ పాతదైతే నోరు ఊరుకోదు. "ఒక్కటి వినండి పెద్దయ్యా" అని ఫోన్లో మొదటి క్యాసెట్టు పాట పెట్టేశాను. హనుమక్క నా మోచేతి మీద గిల్లింది. అప్పటికే సవారప్ప చేతులు జోడించాడు. ఇక ఆపేది లేదు.

పాట మొత్తం కళ్ళు మూసుకుని విన్నాడు. తల ఊపాడు. హనుమక్క వైపు తిరిగి ఎంతో మెచ్చుకోలుగా అడిగాడు.

"మంచి గొంతు. నీ బిడ్డనా?"

హనుమక్క నా వైపు చూసింది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆమె ముఖం మాత్రం కదలలేదు.

"బిడ్డ లెక్కనే అనుకో పెద్దయ్యా. జర ఉర్కులాట ఎక్కువ. ఇంక నిదానం రాలే."

"వస్తది, వస్తది," అన్నాడు సవారప్ప. "ఎనకాలనే ఉంటది గదా, నిన్ను సూసి నేర్చుకుంటది."